వెండి గుచ్ఛాల వెలుగు: పరిమాణపు పాఠం చాలదు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతంలోని సురంగల్‌లో ఏ బోరు నీటినైనా ఒక పరీక్షనాళికలోకి తీసుకొని, రెండు చుక్కల పలుచని నత్రికామ్లము చేర్చి, అందులో సిల్వర్ నైట్రేటు ద్రావణం వేస్తే, కొద్దిగానో గొప్పగానో తెల్లని మబ్బు కమ్ముతుంది. ఉప్పు ఎక్కువైన నీరయితే ఆ తెలుపు విరిగిన పాలవలె గడ్డలు కట్టి అడుగుకు దిగుతుంది. అది సిల్వర్ క్లోరైడు. నాళికను ఎండలో పెడితే కొంతసేపటికి ఊదారంగుకు తిరుగుతుంది. ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో క్లోరైడును పట్టియిచ్చే పరీక్ష ఇదే. అందుచేత వెండి అయాను క్లోరైడుతో కలిసిందంటే ఇక ద్రావణంలో నిలువదని విద్యార్థికి గట్టిగా నాటుకొని ఉంటుంది. అటువంటి క్లోరైడు అయాన్లు రెండు, కాంతిని వెదజల్లే ఒక వెండి గుచ్ఛంలో స్థిరంగా కూర్చుని ఉండగా, 2019లో ఆ గుచ్ఛపు నిర్మాణాన్ని చిత్రించిన పరిశోధకులు వాటిని వెండి పరమాణువులుగానే లెక్కించారు. ఆ లెక్క దిద్దుబాటు కావడానికి కొన్నేండ్లు పట్టింది.

డి.ఎన్.ఏ. పోగులను ఆధారం చేసుకొని నిలిచిన వెండి నానో గుచ్ఛాలు వెలుగునిస్తాయన్న సంగతి 20 ఏండ్లకు పైబడి తెలిసినదే. దానికి తరగతి గదులలోను, జనరంజక వ్యాసాలలోను తరచు వినవచ్చే వివరణ ఇది: కణం మిక్కిలి చిన్నది కనుక వెలుగుతుంది, పరిమాణం మారితే రంగు మారుతుంది, డి.ఎన్.ఏ. ఆ కణాన్ని పంజరంవలె పట్టి ఉంచుతుంది. ఇందులో పూర్తిగా అబద్ధమైన మాట ఒక్కటీ లేదు. అయినా మొదటి మాట అసంపూర్తి, రెండవది దారి తప్పించేది, మూడవది డి.ఎన్.ఏ. చేసే పనిలో సగాన్ని మింగివేసేది. ఈ వివరణ ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ కూలుతుందో పరిశీలించడం అవసరం.

కరీంనగర్ పనివారు వెండిని తీగలుగా సాగదీసి అల్లుతారు. హైదరాబాదు మిఠాయిలపై అంటించే వరఖు ఊపిరి తగిలితే ఎగిరిపోయేటంత పలుచన. అయినా ఆ వరఖు మందంలో వందలాది పొరల వెండి పరమాణువులు ఉంటాయి. అది ఇంకా లోహమే, దాని మెరుపు లోహపు మెరుపే. తనపై పడిన కాంతిని అది తిప్పి పంపుతుంది గాని, తనలో దాచుకొని మరొక రంగుగా విడువదు. లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లకు శక్తిస్థాయులు ఒకదానికొకటి ఆనుకొని ఉండడమే ఇందుకు కారణం. ఏటవాలు బాటలో మనిషి ఎక్కడైనా నిలువగలడు. మెట్లదారిలో మెట్టుమీదనే నిలువవలెను. వెండి పరమాణువుల సంఖ్య పదికో ఇరవైకో దిగినప్పుడు బాట మెట్లుగా మారుతుంది. కాంతిని గ్రహించి పై మెట్టుకు చేరిన ఎలక్ట్రాను, మళ్లీ దిగేటప్పుడు ఆ మెట్ల ఎడానికి తగిన తరంగదైర్ఘ్యంగల కాంతిని విడువగలదు.

ఇక్కడ 'విడువగలదు' అన్న మాటను గమనించవలెను. విడిచి తీరుతుందని కాదు. ఎక్కిన ఎలక్ట్రాను తన శక్తిని పరమాణువుల కదలికలకు ఇచ్చి, వేడిగా వ్యయం చేసి, చడీచప్పుడు లేకుండా దిగిపోవచ్చును. ఒకే పాత్రలో, ఒకే డి.ఎన్.ఏ. పోగుతో తయారైన గుచ్ఛాలలో కొన్ని వెలుగుతాయి, కొన్ని చీకటిగానే ఉంటాయి. రెండూ చిన్నవే. కనుక చిన్నతనం వెలుగుకు అవసరమే గాని, అదొక్కటే చాలదు.

వీటిని మొదట తయారుచేసినవారు అమెరికాలో జార్జియా టెక్ సంస్థకు చెందిన డిక్సన్ బృందమూ, వారితో కలిసి పనిచేసిన పెటీ మొదలైనవారూను. 2004లో వెలువడిన వారి పద్ధతి ఆశ్చర్యం కలిగించేటంత సులభం. 12 క్షారాల పొడవుగల ఒంటి డి.ఎన్.ఏ. పోగును నీటిలో కరిగించి, సిల్వర్ నైట్రేటు కలిపి, అయాన్లు పోగుకు అంటుకొన్న తరువాత సోడియం బోరోహైడ్రైడుతో క్షయకరణం చేస్తారు. కొన్ని వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లు లభించి గుచ్ఛం ఏర్పడుతుంది. డి.ఎన్.ఏ. లేకుండా ఇదే పని చేస్తే వెండి పరమాణువులు ఒకదానినొకటి వెదకుకొని పెద్ద కణాలుగా పెరిగిపోతాయి. ద్రావణం పసుపురంగుకు తిరిగి, చివరకు బూడిదరంగు మడ్డి దిగుతుంది.

డి.ఎన్.ఏ. వెండిని ఎట్లా పట్టుకొంటుంది? తొందరపడిన విద్యార్థి చెప్పే సమాధానం తెలిసినదే: వెండి అయానుది ధనావేశం, డి.ఎన్.ఏ. వెన్నెముకలోని ఫాస్ఫేటులది ఋణావేశం, రెండూ ఆకర్షించుకొంటాయి. ఇది చక్కగా కనిపించే తప్పు. కేవలం ఆవేశాల ఆకర్షణే కారణమైతే సోడియం అయాను కూడా అదే పని చేయవలెను గదా! వెండి అయాను ఫాస్ఫేటులను కాదని లోపలి క్షారాలను ఎంచుకొంటుంది. ముఖ్యంగా సైటోసీన్‌లోను, గ్వానీన్‌లోను ఉన్న నత్రజని పరమాణువులతో బంధం ఏర్పరచుకొంటుంది. మామూలుగా జతకట్టని రెండు సైటోసీన్ల నడుమ ఒక వెండి అయాను చేరి వాటిని జతకట్టించగలదని 2008లో జపానులో ఓనో బృందం చూపింది. అందుకే ఈ రంగంలో సైటోసీన్ మెండుగా ఉన్న పోగులకు అంత గిరాకీ.

ఇక రంగుల సంగతి. 2008 నాటికి డిక్సన్ బృందమే, వేర్వేరు క్షారాల వరుసలు గల పోగులను ఉపయోగించి, నీలం మొదలు పరారుణపు అంచుదాకా అయిదు వేర్వేరు రంగుల గుచ్ఛాలను తయారుచేసింది. అదే ఏడు శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ గ్విన్, ఆమె సహచరులు పోగులోని క్షారాల వరుసను బట్టి వెలుగు మారుతుందని చూపారు. ఇంతవరకు వచ్చేసరికి, పరిమాణమే రంగును నిర్ణయిస్తుందన్న పాఠం దానంతటదే నోటికి వస్తుంది. ఆ పాఠం పుట్టినది వేరొకచోట. కాడ్మియం సెలినైడు వంటి అర్ధవాహకాల క్వాంటం చుక్కలలో కణం చిన్నదయినకొద్దీ నీలంవైపు, పెద్దదయినకొద్దీ ఎరుపువైపు రంగు జరుగుతుంది. 2023లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానం బవెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు లభించినది ఆ చుక్కలకే. ఆ బహుమానంతో పాఠం ఇంకా ప్రచారంలోకి వచ్చింది, వెండిమీద కూడా అతికింది. క్వాంటం చుక్కలో వందలూ వేలూ పరమాణువులు ఉంటాయి; రెండు పరమాణువులు ఎక్కువైనా తక్కువైనా దాని గుణం చెప్పుకోదగినంత మారదు. పదహారింటి గుచ్ఛంలో రెండు పరమాణువులంటే ఎనిమిదవ వంతు.

అసలు ఎన్ని పరమాణువులున్న గుచ్ఛం వెలుగుతున్నదో చెప్పడమే మొదట కష్టమైంది. 2004లో ద్రవ్యరాశి వర్ణపటమాపకంలో చూసినప్పుడు ఒక్కొక్క డి.ఎన్.ఏ. పోగుకు 1 నుంచి 4 వెండి పరమాణువులు అంటి ఉన్నట్లు కనిపించింది. కొన్నేండ్లపాటు వ్యాసాలలో రెండు మూడు పరమాణువుల గుచ్ఛాలను గూర్చిన మాటలు విరివిగా వచ్చాయి. చిక్కు ఎక్కడంటే, ఆ పాత్రలో ఉన్నది మిశ్రమం. యంత్రానికి ఎక్కువగా కనిపించిన పదార్థమే కంటికి వెలుగు ఇస్తున్నదని నమ్మకం ఏమిటి? వెలిగేది మిశ్రమంలో అల్పసంఖ్యాకమై ఉండవచ్చును.

ఈ రకమైన సందేహం భారతదేశపు భౌతికశాస్త్ర చరిత్రకు కొత్తది కాదు. 1923లో కలకత్తాలో రామన్ ప్రయోగశాలలో కె. ఆర్. రామనాథన్ శుద్ధద్రవాలలో కాంతి పరిక్షేపణను పరిశీలిస్తూ ఒక బలహీనమైన అదనపు వెలుగును చూశారు. అది ద్రవంలోని మలినాలవల్ల వచ్చిన ప్రతిదీప్తి కావచ్చునని అనుకొన్నారు. ద్రవాన్ని మళ్లీ మళ్లీ శుద్ధిచేశారు, వెలుగు పోలేదు. చివరకు ఆ వెలుగు బలంగా ధ్రువణం చెంది ఉండడం గమనించాక, అది మామూలు ప్రతిదీప్తి కాదని తేలింది. 1928 ఫిబ్రవరి 28న దొరికిన రామన్ ఫలితం అదే. ఆ ఏడే ఆ బృందంలో చేరిన సూరి భగవంతం నిజాం కళాశాల విద్యార్థి. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులయ్యారు. ఆనాటి ప్రశ్నా, వెండి గుచ్ఛాల ప్రశ్నా ఒక్కటే: ఈ వెలుగు ఎవరిది? జవాబులు మాత్రం తలక్రిందులు. కలకత్తాలో వెలుగు మలినానిది కాదు, ద్రవానిదే అని తేలింది. ఇక్కడ వెలుగు మిశ్రమంలో అధికభాగానిది కాదు, వేరొకదానిది అని తేలింది.

తేల్చినది గ్విన్ బృందం. 2012, 2013లలో వారు మిశ్రమాన్ని ముందు వర్ణలేఖనంతో భాగాలుగా విడదీశారు. ఏ భాగం వెలుగుతున్నదో చూసి, ఆ భాగాన్నే ద్రవ్యరాశి కొలతకు పంపారు. వెలిగే గుచ్ఛాలలో రెండు మూడు కాదు, పది మొదలు ఇరవై ప్రాంతపు వెండి పరమాణువులు ఉన్నట్లు కనబడింది. అంతకంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఆ వెండి అంతా లోహస్థితిలో లేదు. అందులో కొంత భాగం అయాన్లుగానే ఉండి క్షారాలకు కట్టుబడి ఉన్నది. ఒక్కొక్క వెండి పరమాణువుకు 47 ఎలక్ట్రాన్లు ఉన్నా వెలుపలి కక్ష్యలోనిది ఒక్కటే. మొత్తం పరమాణువుల సంఖ్యలోనుంచి అయాన్ల సంఖ్య తీసివేస్తే, గుచ్ఛంలో ఉమ్మడిగా తిరిగే ఎలక్ట్రాన్ల సంఖ్య వస్తుంది. రంగుకు దగ్గరి సంబంధం ఈ సంఖ్యతోనే గాని మొత్తం పరిమాణంతో కాదు. ఆకుపచ్చగా, అంటే 540 నానోమీటర్ల ప్రాంతంలో వెలిగేవాటిలో ఈ సంఖ్య 4గాను, ఎర్రగా, అంటే 630 ప్రాంతంలో వెలిగేవాటిలో 6గాను ఎక్కువగా కనిపించింది.

ఈ 4, 6 అంకెలలోనే పరిమాణపు పాఠానికి గట్టి ఎదురుదెబ్బ ఉన్నది. గుచ్ఛం గుండ్రంగా ఉన్నట్లయితే దాని ఎలక్ట్రాను అరలు 2, 8, 18, 20 వద్ద నిండవలెను. స్థిరమైన గుచ్ఛాలు ఆ సంఖ్యల వద్ద దొరకవలెను. నాలుగు, ఆరు ఆ వరుసలో లేవు. అదే గుచ్ఛం కడ్డీవలె సాగి ఉంటే స్థాయులు పొడవు వెంట ఒకదాని తరువాత ఒకటి ఏర్పడి, రెండేసి ఎలక్ట్రాన్లతో నిండుతూ పోతాయి. అప్పుడు 4, 6 సహజమైన సంఖ్యలే. పోగును పట్టుకొని పెరిగినది పోగువలె సాగడంలో వింత లేదు. కాబట్టి రంగును నిర్ణయించడంలో ఎంత పెద్దది అన్నదానితోబాటు ఏ ఆకారం, ఎన్ని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు అన్న ప్రశ్నలు ముందుకు వస్తాయి. ఇద్దరు పరిశోధకులు ఒకే సంఖ్యలో వెండి పరమాణువులు గల గుచ్ఛాలను చెప్పి, రెండు రంగులు చూపితే వారిలో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోనక్కరలేదు.

అయినా ఇదంతా పరోక్షసాక్ష్యం. గుచ్ఛాన్ని స్ఫటికంగా చేసి ఎక్స్-కిరణాలతో చూసేవరకు ఆకారాన్ని గూర్చి వాదం ఆగదు. స్ఫటికం దొరకడానికి పదిహేనేండ్లు పట్టింది. 2019లో రెండు నిర్మాణాలు వెలువడ్డాయి. ఒకటి జార్జియా టెక్‌లో హ్యూర్డ్, లీబర్‌మన్ మొదలైనవారు చూపిన 8 పరమాణువుల గుచ్ఛం. రెండవది కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో చెరెతాని, వోష్, టోక్యోలోని సోఫియా విశ్వవిద్యాలయంలో కొండో కలిసి చూపినది: పదేసి క్షారాల డి.ఎన్.ఏ. పోగులు రెండు, వాటి నడుమ 16 వెండి పరమాణువులు. ఇది ఆకుపచ్చ కాంతిని గ్రహించి, 736 నానోమీటర్ల ప్రాంతంలో, కంటికి దాదాపు ఆనని పరారుణపు గట్టున వెలుగునిస్తుంది.

ఆ చిత్రంలో 16 గట్టి స్థానాలుగాక, సందేహాస్పదమైన స్థానాలు ఇంకా రెండు కనిపించాయి. అక్కడ వెండి పరమాణువు పూర్తిగా కాక, కొన్ని గుచ్ఛాలలో ఉండి కొన్నింటిలో లేనట్లుగా, పాక్షికంగా నిండి ఉన్నదని వ్రాశారు. ఇందులో మోసం ఏమీ లేదు. పరికరం చూపినదానిని అట్లా చదువవచ్చును. ఎక్స్-కిరణాలకు కనిపించేది మూలకం పేరు కాదు, ఎలక్ట్రాన్ల సాంద్రత. వెండి అయానులో 46 ఎలక్ట్రాన్లు. క్లోరైడు అయానులో 18. ఒకచోట ఎల్లప్పుడూ క్లోరైడు ఉన్నా, అదే చోట నూటికి ముప్పయి తొమ్మిది గుచ్ఛాలలో మాత్రమే వెండి ఉన్నా, సగటు సాంద్రత ఇంచుమించు ఒక్కటే అవుతుంది. విద్యార్థి 18ని 46తో భాగించి చూడవచ్చును. వెండిని గూర్చి ఆలోచిస్తున్నవాడికి ఆ మసక మచ్చ వెండిగానే తోచడం సహజం.

నిజం తేల్చినది బరువు. సూక్ష్మభేదాలను పట్టగల ద్రవ్యరాశి కొలతలలో ఆ గుచ్ఛంలో 16 వెండితోబాటు రెండు క్లోరైడులు ఉన్నట్లును, ఆ మొత్తం ఆవేశం +8 అయినట్లును తేలింది. అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్టేసీ కాప్ బృందమూ, కోపెన్‌హాగెన్ వారూ కలిసి 2023లో దీనిని వివరంగా ప్రకటించారు. మొదట ఆ నిర్మాణాన్ని చిత్రించినవారే దిద్దుబాటులోనూ పాలుపంచుకోవడం చెప్పుకోదగిన సంగతి.

రెండు క్లోరైడులతో ఏమి మునిగిపోయింది అనిపించవచ్చును. లెక్క వేసి చూడవలెను. మొత్తం ఆవేశం +8. క్లోరైడులు లేవనుకొంటే, 16 పరమాణువులలో 8 ఎలక్ట్రాన్లు పోయి 8 మిగులుతాయి. ఎనిమిది గుండ్రని గుచ్ఛాల సంఖ్య! క్లోరైడులు రెండూ చెరొక ఋణావేశం మోస్తున్నాయని గుర్తిస్తే, వెండి భాగపు ఆవేశం +10. మిగిలేవి 6 ఎలక్ట్రాన్లే. అంటే ఈ గుచ్ఛం కడ్డీల కుటుంబానికి చెందినది. రెండు మచ్చలకు తప్పు పేరు పెడితే ఎలక్ట్రాన్ల లెక్క మారుతుంది. లెక్క మారితే ఆకారం, ఆకారం మారితే వెలుగును గూర్చిన సిద్ధాంతమే మారుతుంది. పరీక్షలో మార్కుల కోసం చేసే కూడికా తీసివేతా ఇక్కడ ఒక సిద్ధాంతాన్ని నిలబెట్టో పడగొట్టో పెడుతున్నది. మరొకమాట: సాధారణంగా ఈ గుచ్ఛాల తయారీలో క్లోరైడు లేని లవణద్రావణాలనే కోరి వాడతారు, పాఠశాల పరీక్షలోని భయమే ఇందుకు కారణం.

డి.ఎన్.ఏ. పంజరం అన్న మూడవ మాటకు వస్తే, పంజరం తనలోని చిలుక రంగును మార్చదు. ఇక్కడ క్షారాల వరుస గుచ్ఛపు ఆకారాన్నీ, దానితోబాటు రంగునూ మారుస్తుంది. అంతేగాక, 260 నానోమీటర్ల ప్రాంతపు అతినీలలోహిత కాంతిని గ్రహించేవి డి.ఎన్.ఏ. క్షారాలే, అవి ఆ శక్తిని గుచ్ఛానికి అందిస్తాయని గ్విన్, ఫైగెన్సన్ మొదలైనవారు 2011లో చూపారు. ఆకుపచ్చ గుచ్ఛమూ, ఎర్రని గుచ్ఛమూ ఒకే అతినీలలోహిత దీపం క్రింద వెలగడానికి కారణం అదే. 2010లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో యే, వెర్నర్ మొదలైనవారు ఇంకా విచిత్రమైన ప్రయోగం చేశారు. ఒక పోగుపై దాదాపు చీకటిగా ఉన్న గుచ్ఛం దగ్గరకు, గ్వానీన్ మెండుగా గల మరొక పోగును చేరిస్తే, ఎర్రని వెలుగు 500 రెట్లు పెరిగింది. పక్కన ఎవరు నిలిచారన్నదానిని బట్టి వెలిగే వస్తువును పంజరంలో ఉన్నదనడం అన్యాయం.

అయితే వరుసకూ రంగుకూ మధ్య ఒక నిఘంటువు ఉన్నదని చెప్పడం మరొక అతిశయోక్తి. పది క్షారాల పోగుకు నాలుగేసి ఎంపికల చొప్పున 10,48,576 వరుసలు సాధ్యం. 2014లో కాప్ తదితరులు అందులో ఆరువందలకు పైగా వరుసలను పరీక్షించి, ఆ ఫలితాలను గణనయంత్రానికి నేర్పి, వెలిగే వరుసలను ముందే ఊహించేటట్లు చేశారు. ఊహ ఫలించే అవకాశం పెరిగింది. ఏ వరుస ఎందుకు వెలుగుతుందో యంత్రం చెప్పలేదు; అది రసాయనజ్ఞుడి పని.

ఉపయోగాల విషయంలో ఉత్సాహాన్ని కొంత అదుపులో పెట్టవలెను. రోగనిర్ధారణలో డి.ఎన్.ఏ. వరుసలను పసిగట్టడానికి ఈ గుచ్ఛాలు పనికివస్తాయన్న ఆశకు ఆధారం ఉన్నది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ 1980లలో డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని రూపొందించినప్పుడు, కట్లపాము జాతినుంచి దొరికిన డి.ఎన్.ఏ. ముక్కకు రేడియోధార్మిక ఫాస్ఫరసు తగిలించి, ఎక్స్-రే ఫిలింపై నల్లని పట్టీలుగా దానిని చూడవలసి వచ్చింది. ఆ నలుపు కూడా వెండిదే, ఫిలింలోని సిల్వర్ బ్రోమైడు విడిచిన వెండి. ఫిలింలో ఉండి డి.ఎన్.ఏ. ఉనికికి సాక్ష్యం చెప్పిన వెండి, ఇప్పుడు డి.ఎన్.ఏ.పైనే కూర్చుని వెలుగుతో చెబుతుందంటే ముచ్చటగానే ఉన్నది. కాని రక్తంలో లవణం ఉంటుంది, క్లోరైడు ఉంటుంది. ఆక్సిజను తగిలితే గుచ్ఛం రంగు మారవచ్చును, ఆరిపోవచ్చును. శుద్ధమైన నీటిలో వెలిగినది దేహంలోనూ వెలుగుతుందని వ్రాసే జనరంజక వ్యాసం పాఠకుడిని ప్రయోగశాల గడప దాటించి దారిలో వదిలివేస్తుంది.

ఈ వెలుగును ఏ పేరుతో పిలువవలెనన్నది కూడా తేలికైన ప్రశ్న కాదు. ఎక్కువ గుచ్ఛాలు కాంతిని గ్రహించిన కొన్ని నానోసెకండ్లలోనే దానిని విడుస్తాయి. వాటిది ప్రతిదీప్తి అనడంలో పేచీ లేదు. 2022లో కాప్ బృందమూ, వోష్ బృందమూ ఎనిమిది ఎలక్ట్రాన్ల గుచ్ఛాలను కూడా చూపారు. గుండ్రని అరల సంఖ్య ఇక్కడ నిజంగానే కనబడింది. వీటి వెలుగు మైక్రోసెకండ్లదాకా, అంటే వేయిరెట్లు ఆలస్యంగా ఆరుతుంది. గ్రహించిన కాంతికీ విడిచిన కాంతికీ నడుమ ఎడం కూడా మిక్కిలి ఎక్కువ. అందుచేత ప్రతిదీప్తి అనీ స్ఫురదీప్తి అనీ తేల్చి చెప్పక, జాగ్రత్తగల రచయితలు ప్రస్తుతానికి కాంతిజన్య దీప్తి అన్న ఉమ్మడి పేరుతోనే సరిపెట్టుకొంటున్నారు.